క్వార్క్, గ్లువాన్ క్రాస్ సెక్షన్ల లెక్క: రంగు ఒక పేజీలో, స్పిన్ ఇంకో పేజీలో

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా రెండుసార్లు చదివాను. మహబూబ్‌నగర్‌లో ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నానని, ఎలక్ట్రాన్-మ్యూవాన్ పరిక్షేపణ చేతితో పూర్తి చేశానని, క్వార్క్‌ల (ప్రోటాన్ లోపలి కణాల) దగ్గరికి వచ్చేసరికి నాలుగు చోట్ల ఆగిపోయానని రాశావు. ఒకటి, క్వార్క్-క్వార్క్ లెక్కలో ఆ 4/9 ఎక్కడిది? రెండు, క్వార్క్, యాంటీక్వార్క్ కలిసి రెండు గ్లువాన్లుగా (క్వార్క్‌లను కట్టి ఉంచే బలాన్ని మోసే కణాలుగా) మారే లెక్కలో నీ సమాధానం పుస్తకంలోని పట్టికతో ఎందుకు కలవడం లేదు? మూడు, నాలుగు గ్లువాన్ల లెక్క చేతితో చేయాలా? నాలుగు, మొత్తం క్రాస్ సెక్షన్ (పరిక్షేపణ జరిగే అవకాశపు కొలత) అనంతం ఎందుకు వస్తోంది?

నేను నల్లగొండలో ఫిజిక్స్ చెబుతాను. ఈ సబ్జెక్టు మీద ఇష్టంతో ఆదివారాలు మా ఇంటికి వచ్చే పిల్లలూ దాదాపు ఇవే చోట్ల ఆగుతారు. వాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: రంగు లెక్కను, స్పిన్ లెక్కను కలిపి చేయొద్దు. రంగు అంటే కంటికి కనిపించేది కాదు, క్వార్క్‌లు, గ్లువాన్లు మోసే బలమైన చర్య చార్జి. లాంగ్ నోట్‌బుక్ తెరిచి ఎడమ పేజీలో రంగు, కుడి పేజీలో స్పిన్ రాయండి. చివర్లో రెండింటినీ గుణించండి. క్యూసీడీ (బలమైన చర్య సిద్ధాంతం) కష్టమని భయపడేవాళ్లలో ఎక్కువ మందికి కష్టమయ్యేది ఫిజిక్స్ కాదు, ఒకే లైన్లో ఇండెక్సులన్నీ కుప్ప పోయడం వల్ల వచ్చే గందరగోళం.

ముందు 4/9 సంగతి చూద్దాం. ద్రవ్యరాశిని వదిలేస్తే, ఎలక్ట్రాన్-మ్యూవాన్ లెక్కలో యాంప్లిట్యూడ్ వర్గం (స్పిన్ సగటు తీశాక, చార్జి నాలుగో ఘాతాన్ని పక్కన పెట్టాక) నీకు వచ్చింది ఇది:

2 × (ఎస్² + యూ²) / టీ²

ఎస్, టీ, యూ అంటే నీకు తెలిసిన మాండల్‌స్టామ్ చరాలే: ఎస్ మొత్తం శక్తి వర్గం, టీ, యూ ద్రవ్యవేగ మార్పిడి వర్గాలు. రెండు వేర్వేరు ఫ్లేవర్ల క్వార్క్‌లు, ఉదాహరణకు ఒక అప్, ఒక డౌన్, ఢీకొన్నప్పుడు ఫైన్‌మన్ చిత్రం ఇదే. ఫోటాన్ గీత ఉన్న చోట గ్లువాన్ గీత ఉంటుంది, అంతే. కాబట్టి కుడి పేజీలో కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు, పైన ఉన్నదే రాసుకో.

ఎడమ పేజీలో రంగు. ఒక్కో వెర్టెక్స్ దగ్గర ఒక రంగు మాత్రిక ఉంటుంది. దాన్ని ఏ అనే ఇండెక్స్‌తో గుర్తిద్దాం, ఆ ఇండెక్స్ విలువ 1 నుంచి 8 దాకా. యాంప్లిట్యూడ్‌లో ఏ, దాని కాంజుగేట్‌లో బీ. రంగుల మీద కూడితే ఒక క్వార్క్ గీతకు ఒక ట్రేస్, రెండో క్వార్క్ గీతకు ఇంకో ట్రేస్ వస్తాయి. రెండు మాత్రికల లబ్ధం ట్రేస్ విలువ ఏ, బీ ఒకటే అయితే 1/2, వేరైతే సున్నా. అంటే 1/2 ను 1/2 తో గుణించి, ఎనిమిది గ్లువాన్ల మీద కూడితే 8/4, అంటే 2. వచ్చే రెండు క్వార్క్‌లకూ మూడేసి రంగులు కాబట్టి సగటు కోసం 9 తో భాగించాలి. రంగు లెక్క 2/9. దాన్ని కుడి పేజీలోని 2 తో గుణిస్తే 4/9. ఆ సంఖ్య వెనుక ఇంతకు మించి రహస్యం ఏమీ లేదు.

ఇప్పుడు ఒకే ఫ్లేవర్ క్వార్క్‌లు రెండు తీసుకో. టీ చిత్రంతో పాటు యూ చిత్రం కూడా వస్తుంది, రెండింటి మధ్య ఇంటర్‌ఫియరెన్స్ పదం వస్తుంది. ఎలక్ట్రాన్-ఎలక్ట్రాన్ లెక్కలో ఆ పదం +4 × ఎస్² / (టీ × యూ). క్వార్క్‌లకు దాని రంగు లెక్క ఒకే పెద్ద ట్రేస్: ఏ, బీ, ఏ, బీ వరుసలో నాలుగు మాత్రికలు. ఇక్కడ ఒక చిన్న సూత్రం కంఠతా పెట్టుకో: ఏ, బీ, ఏ వరుసలో ఏ మీద కూడితే బీ మాత్రికే −1/6 తో గుణించి వస్తుంది. దానితో ఆ ట్రేస్ −2/3 అవుతుంది. 9 తో భాగిస్తే −2/27. 4 తో గుణిస్తే −8/27. పట్టికలో ఉన్న −8/27 అదే. గమనించావా, క్యూఈడీలో (ఎలక్ట్రాన్లు, ఫోటాన్ల సిద్ధాంతంలో) కూడిక అయిన పదం ఇక్కడ రంగు వల్ల తీసివేత అయింది. నాకు ఈ లెక్క చాలా ఇష్టం. స్పిన్ పేజీలో ఒక్క అక్షరం మారకుండా, ఎడమ పేజీలోని మూడు లైన్లు ఫలితం గుర్తునే మార్చేశాయి. రంగు ఉంటే ప్రకృతి ఎంత వేరుగా నడుస్తుందో ఇక్కడ కంటికి కనబడుతుంది.

ఇక నీ రెండో ప్రశ్న. నువ్వు పంపిన ఫోటోలో నీ చేతిరాత పేజీ చూశాను. మొదటి రెండు చిత్రాలూ, అంటే టీ, యూ చిత్రాలు, నువ్వు చక్కగా చేశావు. వాటి రంగు లెక్క 16/27, స్పిన్ లెక్క 2 × (యూ/టీ + టీ/యూ), కలిపితే 32/27 × (యూ² + టీ²) / (యూ × టీ). పట్టికలో మొదటి పదం అదే. తేడా వచ్చింది మూడో చిత్రం కలిసిన చోట, అంటే క్వార్క్ జంట ఒక గ్లువాన్‌గా మారి, అది రెండు గ్లువాన్లుగా చీలే చిత్రం చేరినప్పుడు. అయితే పొరపాటు ఆ చిత్రంలో లేదు. గ్లువాన్ పోలరైజేషన్ల మీద కూడేటప్పుడు రెండు గ్లువాన్లకూ ఫోటాన్ లాగే మెట్రిక్‌కు మైనస్ గుర్తు పెట్టి వాడేశావు.

ఫోటాన్ విషయంలో అది ఎందుకు చెల్లుతుందో ఒకసారి గుర్తు చేసుకో. యాంప్లిట్యూడ్‌లో ఒక ఫోటాన్ పోలరైజేషన్ తీసేసి దాని ద్రవ్యవేగం పెడితే సున్నా వస్తుంది. రెండో ఫోటాన్ ఏ పోలరైజేషన్‌లో ఉన్నా సరే, సున్నానే. అందువల్ల నిజంగా లేని పోలరైజేషన్లు కూడికలో చేరినా వాటంతట అవే రద్దయిపోతాయి. గ్లువాన్ల దగ్గర ఆ సున్నా రావాలంటే రెండో గ్లువాన్ నిజమైన అడ్డ పోలరైజేషన్‌లో ఉండి తీరాలి. రెండింటికీ ఒకేసారి మెట్రిక్ పెట్టేస్తే ఆ షరతు పోతుంది, లేని పోలరైజేషన్ల జంట ఒకటి లెక్కలోకి దూరుతుంది.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఒక గ్లువాన్‌కు మెట్రిక్ ఉంచి, రెండోదానికి మాత్రం నిజమైన రెండు పోలరైజేషన్ల కూడిక పెట్టడం. ఆ కూడికలో మైనస్ మెట్రిక్‌తో పాటు, గ్లువాన్ ద్రవ్యవేగం, ఇంకో శూన్య వెక్టర్ (తనతో తన డాట్ లబ్ధం సున్నా అయ్యేది) కలిసిన రెండు పదాలు ఉంటాయి. వాటి కింద ఆ రెండు వెక్టర్ల డాట్ లబ్ధం ఉంటుంది. ఆ శూన్య వెక్టర్‌గా ఎదుటి గ్లువాన్ ద్రవ్యవేగాన్నే తీసుకో, సగం పదాలు చూస్తుండగానే పోతాయి. రెండో దారి ఘోస్ట్‌లు, అంటే లేని పోలరైజేషన్లను రద్దు చేయడానికి లెక్కలో మాత్రమే పెట్టే కణాలు. రెండింటికీ మెట్రిక్ ఉంచి, తుది స్థితిలో ఘోస్ట్, యాంటీఘోస్ట్ వచ్చే చిత్రాన్ని కూడా కట్టి, దాని వాటాను తగిన గుర్తుతో కలపడం.

ఈ రెండో దారి ఒక్కసారైనా చేతితో చేయమంటాను, ఎందుకంటే అది చాలా చిన్న లెక్క. ఘోస్ట్ వెర్టెక్స్‌లో ఉండేది ఒక ద్రవ్యవేగం మాత్రమే. కాబట్టి స్పిన్ పేజీలో నాలుగు గామాల ట్రేస్ ఒక్కటి, దాని విలువ 2 × యూ × టీ. కింద ఎస్². రంగు పేజీలో 12, సగటుకు 36 తో భాగించాలి, అంటే 1/3. కలిపితే 2/3 × (యూ × టీ) / ఎస్². ఘోస్ట్ గీత బాణం రెండు దిశల్లోనూ ఉండొచ్చు కాబట్టి రెండింతలు, 4/3. నీ సమాధానానికీ పట్టికకూ ఉన్న తేడా పరిమాణం సరిగ్గా ఇదే రావాలి. 90 డిగ్రీల దగ్గర పెట్టి చూడు: టీ, యూ రెండూ −ఎస్/2. పట్టిక ప్రకారం రావాల్సింది 1.04, ఈ అదనపు పదం 0.33. దాదాపు మూడో వంతు తేడా అంటే చిన్నదేం కాదు, నీకు అనుమానం రావడం మంచిదే అయింది.

మూడో ప్రశ్న, నాలుగు గ్లువాన్లు. చేతితో పాత పద్ధతిలో చేయొద్దు. ఇది బద్ధకం మాట కాదు. మూడు గ్లువాన్ల వెర్టెక్స్‌లో ఆరు పదాలు ఉంటాయి. ఎస్, టీ, యూ చిత్రాల్లో ఒక్కోదానిలో అలాంటి వెర్టెక్సులు రెండు, అంటే ఒక్కో చిత్రానికి ముప్పై ఆరు పదాలు. నాలుగు గ్లువాన్లు ఒకే చోట కలిసే చిత్రం ఇంకొకటి. వర్గం చేస్తే పేజీలు పేజీలు నిండుతాయి, కానీ చివరికి మిగిలేది ఇంతే:

9/2 × (3 − టీ యూ/ఎస్² − ఎస్ యూ/టీ² − ఎస్ టీ/యూ²)

1977 లో కాంబ్రిడ్జ్, క్రిప్‌గాంజ్, రాన్ఫ్ట్ ఈ రెండు-రెండు ప్రక్రియల పట్టిక ప్రచురించారు, నీ పుస్తకంలోని పట్టిక అదే. అన్ని పదాలు కలిసి ఇంత చిన్నదిగా తేలడం కాకతాళీయం కాదని తర్వాతే అర్థమైంది. ఎస్ + టీ + యూ = 0 అన్నది వాడి పై సూత్రాన్ని ఇలా మార్చి రాయొచ్చు, నువ్వే చేసి చూడు:

9/8 × (ఎస్⁴ + టీ⁴ + యూ⁴) × (ఎస్² + టీ² + యూ²) / (ఎస్² టీ² యూ²)

ఇందులో ఆ నాలుగో ఘాతాలు ఎందుకు వచ్చాయన్నదే అసలు విషయం. నాలుగు గ్లువాన్లనూ బయటికి పోతున్నట్టు లెక్కబెట్టి, ఒక్కోదానికి ప్లస్ లేదా మైనస్ హెలిసిటీ (కదిలే దిశలో స్పిన్ గుర్తు) ఇస్తే, నాలుగూ ప్లస్ అయినా, మూడు ప్లస్ ఒకటి మైనస్ అయినా ఈ మొదటి మెట్టులో, అంటే లూపులు లేని లెక్కలో, యాంప్లిట్యూడ్ సున్నా. రెండు ప్లస్, రెండు మైనస్ ఉన్నవే బతుకుతాయి. ఏ ఇద్దరు మైనస్ అన్నదాన్ని బట్టి ఎస్⁴, టీ⁴, యూ⁴ వస్తాయి. 1986 లో పార్క్, టేలర్ ఇద్దరు మైనస్, మిగతా అందరూ ప్లస్ అయితే ఎన్ని గ్లువాన్లున్నా చెల్లే ఒక్క లైన్ సూత్రం ఇచ్చారు. దాని విలువ తెలియాలంటే ఈ సంఖ్యలు చూడు: రెండు గ్లువాన్లు ఢీకొని రెండు వస్తే ఫైన్‌మన్ చిత్రాలు 4, మూడు వస్తే 25, నాలుగు వస్తే 220, ఎనిమిది వస్తే 1,05,25,900. కోటి చిత్రాలు గీసే దారి ఒకటి, ఒక్క లైన్ రాసే దారి ఒకటి. అందుకే స్పైనర్ హెలిసిటీ పద్ధతి (హెలిసిటీ వారీగా యాంప్లిట్యూడ్‌ను నేరుగా కట్టే పద్ధతి) నేర్చుకో అంటున్నాను. వారం కూర్చుంటే వస్తుంది, జీవితాంతం పనికొస్తుంది.

పట్టికలోని సూత్రాలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూసే ఒక పరీక్ష చెబుతాను. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు, కానీ నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. టీని చాలా చిన్నది చెయ్యి, అప్పుడు యూ దాదాపు −ఎస్ అవుతుంది. మూడు ప్రక్రియలూ ఎస్²/టీ² రూపంలోకి వస్తాయి. వేర్వేరు ఫ్లేవర్ల క్వార్క్‌లు రెండు అయితే ముందున్న సంఖ్య 8/9. క్వార్క్-గ్లువాన్ అయితే 2. గ్లువాన్-గ్లువాన్ అయితే 9/2. ఒకదాని నుంచి ఇంకోదానికి పోవడానికి ప్రతిసారీ 9/4 తో గుణించాలి. 9/4 అంటే గ్లువాన్ రంగు చార్జి 3 కు, క్వార్క్ రంగు చార్జి 4/3 కు ఉన్న నిష్పత్తి. క్వార్క్‌ను తీసి గ్లువాన్ పెట్టిన ప్రతిసారీ అంతే పెరుగుతుంది. చిన్న కోణంలో పరిక్షేపణకు స్పిన్ పట్టదు, రంగు చార్జి ఎంత అన్నదే పడుతుంది. నువ్వు చేసిన ఏ లెక్కలోనైనా ఈ 9/4 రాకపోతే, ఎక్కడో సగటు తీయడం తప్పిందన్నమాట. ఎక్కువగా జారేది అక్కడే: గ్లువాన్‌కు రంగులు 8, పోలరైజేషన్లు 2, కాబట్టి రెండు గ్లువాన్లు ఢీకొంటే 256 తో భాగించాలి. ఇంకోటి, పట్టికలో తుది స్థితిలోని ఒకేలాంటి కణాలకు ఇచ్చే 1/2 కలపలేదు. మొత్తం క్రాస్ సెక్షన్ కట్టేటప్పుడు అది నువ్వే పెట్టుకోవాలి.

ఇప్పుడు అనంతం సంగతి. నీ లెక్క తప్పు కాదు. టీ² హారంలో ఉంది, టీ సున్నా దగ్గరికి పోతే ఇంటిగ్రల్ అనంతమే. రూథర్‌ఫర్డ్ 1911 లో ఆల్ఫా కణాలకు కట్టిన సూత్రంలోనూ ఇదే రోగం ఉంది. మన దగ్గర దీనికి తోడు ఇంకో సంగతి ఉంది: టీ చిన్నదైతే బలమైన చర్య స్థిరాంకం (ఆల్ఫా-ఎస్) పెరుగుతూ పోతుంది, అక్కడ ఈ లెక్కల పద్ధతే చెల్లదు. కాబట్టి "మొత్తం క్రాస్ సెక్షన్ ఎంత" అని అడగకు. "అడ్డ ద్రవ్యవేగం ఇంతకు మించి ఉన్న జెట్లు ఎంత" అని అడుగు. జెట్ అంటే ఒక క్వార్క్ లేదా గ్లువాన్ నుంచి ఒకే దిశలో దూసుకొచ్చే కణాల గుంపు, అడ్డ ద్రవ్యవేగం అంటే ఢీకొనే పుంజానికి అడ్డంగా ఉన్న భాగం. 1982 లో జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో యూఏ2 ప్రయోగం ప్రోటాన్, యాంటీప్రోటాన్ ఢీకొన్నప్పుడు ఎదురెదురుగా దూసుకుపోయే రెండు జెట్లను స్పష్టంగా చూపించింది. ఆ తర్వాత జెట్ల కోణాల పంపిణీ కొలిస్తే, అది రూథర్‌ఫర్డ్ తరహాలో పెరుగుతూ కనబడింది. ఎడమ పేజీ, కుడి పేజీ గుణించి మనం కట్టినదాన్నే డిటెక్టర్ చూసింది.

ఒక సంఖ్య కట్టి చూపిస్తాను, యూనిట్ల దగ్గర చాలామంది తికమక పడతారు కాబట్టి. వేర్వేరు ఫ్లేవర్ల క్వార్క్‌లు రెండు, ద్రవ్యరాశి కేంద్ర చట్రంలో వాటి మొత్తం శక్తి 200 జీఈవీ (ఒక జీఈవీ అంటే నూరు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు), కోణం 90 డిగ్రీలు. టీతో డిఫరెన్షియల్ క్రాస్ సెక్షన్ అంటే π × (ఆల్ఫా-ఎస్)² / ఎస్², దాన్ని పట్టికలోని సంఖ్యతో గుణించాలి. ఆ సంఖ్య ఇక్కడ 4/9 × 5, అంటే 2.22. ఆల్ఫా-ఎస్ విలువ జెడ్ బోసాన్ ద్రవ్యరాశి దగ్గర 0.118, 100 జీఈవీ దగ్గర సుమారు 0.116. ఎస్ = 40,000 జీఈవీ². గుణిస్తే సుమారు 5.9 × 10⁻¹¹, యూనిట్ జీఈవీ⁻⁴. టీ నుంచి కోణం కొసైన్‌కు మార్చడానికి ఎస్/2 తో గుణించు, 1.2 × 10⁻⁶ జీఈవీ⁻² వస్తుంది. ఇక 1 జీఈవీ⁻² అంటే 0.3894 మిల్లీబార్న్. చివరికి సుమారు 460 పికోబార్న్. ఇదే చోట గ్లువాన్-గ్లువాన్ అయితే పట్టిక సంఖ్య 30.4, అంటే దాదాపు పద్నాలుగు రెట్లు.

అయితే విడి క్వార్క్‌లను ఎవరూ ఢీకొట్టలేరు, ప్రోటాన్లనే ఢీకొడతారు. బత్తాయి బస్తాలు రెండు గుద్దుకున్నట్టు అనుకో: నిజంగా తగిలేవి ఇటు ఒక కాయ, అటు ఒక కాయ, మిగతావి దారిన పోతాయి. ప్రోటాన్ ద్రవ్యవేగంలో ఎంత వాటా ఉన్న క్వార్క్ లేదా గ్లువాన్ ఎంత దొరుకుతుందో చెప్పే ప్రమేయాలను పార్టాన్ పంపిణీలు అంటారు. రెండు ప్రోటాన్ల పంపిణీలనూ నీ పట్టిక సూత్రంతో గుణించి, వాటాల మీద ఇంటిగ్రేట్ చేసి, అన్ని ప్రక్రియలనూ కూడాలి. 13 టీఈవీ (13,000 జీఈవీ) శక్తితో నడిచిన ఎల్‌హెచ్‌సీలో, అంటే సెర్న్‌లోని ప్రోటాన్లను ఢీకొట్టే యంత్రంలో, 100 జీఈవీ జెట్ కావాలంటే వాటా సుమారు 200/13,000, అంటే 0.015. అంత చిన్న వాటా దగ్గర ప్రోటాన్‌లో గ్లువాన్లే మెండు. పట్టికలో పెద్ద సంఖ్య కూడా వాటిదే. అందుకే అక్కడి జెట్లలో గ్లువాన్-గ్లువాన్, క్వార్క్-గ్లువాన్ ప్రక్రియలదే పైచేయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ లెక్కలన్నీ మొదటి మెట్టు మాత్రమే. ఆల్ఫా-ఎస్‌ను 100 బదులు 50 జీఈవీ దగ్గర తీసుకున్నా తప్పనలేం, 200 దగ్గర తీసుకున్నా తప్పనలేం. కానీ ఆ రెండు ఎంపికల మధ్య జవాబు దాదాపు ఒకటిన్నర రెట్లు మారుతుంది. దాన్ని తగ్గించడానికే రెండో మెట్టు, మూడో మెట్టు లెక్కలు. అక్కడ ఒక గ్లువాన్ అదనంగా వెలువడే చిత్రాలు, లూప్ ఉన్న చిత్రాలు విడివిడిగా అనంతం ఇస్తాయి, కలిపితే మెత్తని గ్లువాన్ల అనంతాలు రద్దవుతాయి, మిగిలినవి పార్టాన్ పంపిణీల్లోకి పోతాయి. ఈ పనిలో మన దేశం వాళ్ల చేయి చిన్నది కాదు. హిగ్స్ ఉత్పత్తికి మూడో మెట్టు లెక్కను 2003 లో ప్రచురించిన ముగ్గురిలో వి.రవీంద్రన్ ఒకరు. ఆయన చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థలో ఉన్నారు. ఊరి కాలేజీలో చదివి ఇలాంటి పని చేయగలనా అని చివర్లో భయంభయంగా అడిగావు. కావాల్సినవి తెల్ల కాగితం, ఓపిక, ఒక మామూలు లాప్‌టాప్. ట్రేస్‌లు కట్టే ఫార్మ్ ప్రోగ్రామ్ ఉచితం, చిత్రాలు తానే కట్టి క్రాస్ సెక్షన్ లెక్కించే మ్యాడ్‌గ్రాఫ్ ఉచితం, పరిశోధన పత్రాల ముందు ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితం. చేతితో ఒకసారి చేసి, ఆ తర్వాతే ప్రోగ్రామ్‌తో సరిచూసుకో. ముందే ప్రోగ్రామ్ నడిపితే జవాబు వస్తుంది గానీ 9/4 ఎందుకొచ్చిందో ఎప్పటికీ తెలియదు. పీహెచ్‌డీ కోసమైతే జెస్ట్, నెట్, గేట్ పరీక్షలు మూడూ రాయి, ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకు.

ముందు ఆ ఘోస్ట్ ట్రేస్ చెయ్యి, తర్వాత ఎదుటి గ్లువాన్ ద్రవ్యవేగాన్ని శూన్య వెక్టర్‌గా పెట్టి మొదటి దారిలో కూడా చెయ్యి. రెండూ 90 డిగ్రీల దగ్గర 1.04 ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండు పేజీలూ ఫోటో తీసి పంపు, రంగు పేజీ ముందు చూస్తాను.